నార్వే మేపుల్: నీడ కోసం తెచ్చుకున్న చెట్టు

2012 చివర్లో కెనడా కేంద్ర బ్యాంకు కాగితానికి బదులు పాలిమర్‌తో చేసిన కొత్త 20 డాలర్ల నోటును విడుదల చేసింది. మూడు నెలలు తిరగకముందే, 2013 జనవరిలో, దాని మీద ఒక వింత వివాదం లేచింది. నోటు మీద ముద్రించిన మేపుల్ ఆకు కెనడా అడవుల్లో పెరిగే చక్కెర మేపుల్ ఆకులా లేదనీ, ఐరోపా నుంచి తెచ్చి నాటిన నార్వే మేపుల్ ఆకులా ఉందనీ వృక్షశాస్త్రం తెలిసినవారు అభ్యంతరం చెప్పారు. ఆ బొమ్మ ఏ ఒక్క జాతినీ చూసి గీసింది కాదు, పలు మేపుళ్ల పోలికలు కలిపి రూపొందించినది అని బ్యాంకు సమాధానమిచ్చింది.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు అన్నది మనకు అంత ముఖ్యం కాదు. ఒక దేశం తన జెండా మీద పెట్టుకున్న ఆకు విషయంలోనే ఇలాంటి సందేహం రావడం మాత్రం ఆలోచించదగ్గది. పరాయి చెట్టు ఆకు కంటికి అంతగా ఎలా అలవాటైంది? అక్కడి పట్టణాల్లో వీధి వీధికీ ఆ చెట్టే ఉంది కాబట్టి. రెండు శతాబ్దాలకు పైగా దాన్ని నీడ కోసం ఏరి కోరి నాటుకున్నారు. ఇప్పుడు అదే చెట్టును కొన్ని రాష్ట్రాల్లో అమ్మడం కూడా చట్టవిరుద్ధం. ఇంత మార్పు ఎందుకు వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, వేసవి సాయంత్రాలు ఇంటి ముందు మేపుల్ కింద కుర్చీ వేసుకుని కూర్చునే తెలుగు తల్లిదండ్రులు ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. వారు ఆ చెట్టును కొత్త కళ్లతో చూడగలిగితే సంతోషం.

చినార్ కాదు, చినార్ లాంటిది

ముందుగా గుర్తుపట్టడం నేర్చుకుందాం. మేపుళ్లన్నీ ఏసర్ అనే ప్రజాతికి చెందినవి. ఇందులో 100కు పైగా జాతులున్నాయి. హిమాలయాల్లోనూ కొన్ని మేపుళ్లు సహజంగా పెరుగుతాయి. నార్వే మేపుల్ శాస్త్రీయనామం ఏసర్ ప్లాటనాయిడిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు ఇది. ప్లాటనాయిడిస్ అంటే ప్లాటనస్‌ను పోలినది అని అర్థం. ఆ ప్లాటనస్ ఎవరో కాదు, కాశ్మీరులో మొగలులు మక్కువతో నాటించిన చినార్ చెట్టే. కాశ్మీరు శాలువల మీద, అక్రోటు కొయ్య పెట్టెల మీద కనిపించే చినార్ ఆకును మేపుల్ ఆకు అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అందులో చిన్నబుచ్చుకోవలసింది లేదు. లిన్నేయస్‌కే ఆ పోలిక తోచింది మరి.

తేడా కనిపెట్టడం సులువు. చినార్ కొమ్మ మీద ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, ఏకాంతరంగా పుడతాయి. మేపుల్ కొమ్మ మీద ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా పుడతాయి. చినార్ కాయలు బంతుల్లా వేలాడతాయి. మేపుల్ కాయలు రెక్కలు కట్టుకున్న జంటలు. మన మాధవీలత కాయ గాలిలో గిరగిర తిరుగుతూ దిగడం చూసినవారికి మేపుల్ కాయ ఎలా రాలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మేపుళ్లలో నార్వే మేపుల్‌ను పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వేసవిలో ఒక ఆకు తుంచి, తొడిమ విరవండి. జిల్లేడు పాలలా తెల్లని పాలు ఊరితే అది నార్వే మేపుల్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చక్కెర మేపుల్ తొడిమ విరిస్తే పాలు రావు, నీరులాంటి రసమే వస్తుంది. జంట కాయలు చూసినా తెలుస్తుంది. నార్వే మేపుల్ కాయల రెక్కలు దాదాపు ఒకే సరళరేఖలో, చేతులు బారచాపినట్టు ఉంటాయి. ఆకు సామాన్యంగా పొడవుకన్నా వెడల్పుగా, ఐదు తమ్మెలతో, మొనలు సాగి ఉంటుంది. శరదృతువులో ఇతర మేపుళ్లు ఎర్రగా, నారింజ రంగులో మండిపోతుంటే ఇది ఇంకా పచ్చగానే ఉండి, ఆఖరున పసుపుపచ్చగా మారుతుంది. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని పని పడుతుంది.

నీడ అంటే ఏమిటి

చెట్టునీడ, గోడనీడ ఒకటి కావని అందరికీ అనుభవమే. దీనికి కారణాలు రెండు. మొదటిది, ఆకులు సూర్యకాంతిని అడ్డుకోవడం. నార్వే మేపుల్ కొమ్మలో తొడిమలు ఒకే పొడవు ఉండవు. కింది జత ఆకులకు పొడవైన తొడిమలు, పై జతకు పొట్టివి. అందుకే ఒక ఆకు మరో ఆకు మీద పడకుండా, మధ్యనున్న ఖాళీలోకి జరిగి పరుచుకుంటుంది. గచ్చు మీద రాతి పలకలు పేర్చినట్టు ఆకులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. ఇలాంటి వరసలు అనేకం ఒకదానిమీద ఒకటి ఉండటం వల్ల ముదిరిన చెట్టు మీద పడే ఎండలో అతి కొద్ది భాగమే నేలకు చేరుతుంది.

రెండవది బాష్పోత్సేకం. వేళ్లు పీల్చిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల పత్రరంధ్రాల ద్వారా ఆవిరై పోతుంది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది ఆకు నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. చిన్న లెక్క వేద్దాం. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,450 కిలోజౌళ్ల వేడి అవసరం. ఒక పెద్ద చెట్టు వేసవి పగటిపూట 100 లీటర్ల నీటిని ఆవిరి చేసిందనుకుంటే, అది 2,45,000 కిలోజౌళ్ల వేడిని ఖర్చు చేసినట్టు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే దాదాపు 68 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఎయిర్ కండిషనర్ సుమారు 13 గంటల పాటు తొలగించగలిగేంత వేడి. అయితే ఏసీ గది తలుపులు మూసుకుని పనిచేస్తుంది, చెట్టు పనిచేసేది బయట. గాలి కదలగానే ఆ చల్లదనం ఊరంతా పంచుకుంటుంది. కాబట్టి చెట్టు కింద గాలి ఉష్ణోగ్రత తగ్గేది కొద్ది డిగ్రీలే. కింద కూర్చున్న మనిషికి హాయి కలిగేది ముఖ్యంగా నెత్తిన ఎండ, వేడెక్కిన తారురోడ్డు సెగ తగలకపోవడం వల్ల. ఈ రెంటినీ కలిపి ‘చెట్టు ఇన్ని ఏసీలతో సమానం’ అని పోస్టర్ల మీద రాయడం నాకు అంతగా నచ్చదు.

శీతల దేశాల్లో ఆకురాల్చే చెట్టుకు ఇంకొక సుగుణముంది. ఫిలడెల్ఫియా నగరం సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దిగంతానికి 73 డిగ్రీల పైన, దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు 21న కేవలం 26 డిగ్రీల ఎత్తులో, దక్షిణాన వాలి ఉంటాడు. వేసవిలో ఇంటికి పడమటి వైపున్న చెట్టు మధ్యాహ్నం తరువాతి వాలుటెండను ఆపుతుంది. చలికాలంలో ఆకులుండవు కనుక ఎండ కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. కొమ్మలు కూడా కొంత ఎండను ఆపుతాయనేది నిజమే. అయినా ఏడాది పొడవునా ఎండను తప్పించుకోవలసిన మనకు వేపా కానుగా ఎంతో, అక్కడివారికి ఆకురాల్చే చెట్టు అంత.

ఎల్మ్ పోయింది, మేపుల్ వచ్చింది

నార్వే మేపుల్ పేరులో నార్వే ఉన్నా, అది స్కాండినేవియా దక్షిణ భాగం నుంచి రష్యా వరకు, ఆగ్నేయంగా కాకసస్ దాకా సహజంగా పెరుగుతుంది. 1756లో ఫిలడెల్ఫియాకు చెందిన ప్రసిద్ధ వృక్షప్రియుడు జాన్ బార్‌ట్రమ్ దీన్ని అమెరికాకు తెప్పించాడు. చాలాకాలం అది తోటల్లోని ముచ్చట చెట్టుగానే ఉంది. అప్పట్లో అమెరికా వీధులకు రాణి ఎల్మ్ చెట్టు. వీధికి రెండు వైపులా లేచి, పైన కొమ్మలు కలిసి పందిరిలా కప్పే చెట్టు అది.

1930లో ఒహాయో రాష్ట్రంలో డచ్ ఎల్మ్ వ్యాధి కనిపించింది. బెరడు పురుగుల వెంట వచ్చే శిలీంధ్రం చెట్టులో నీరు పారే నాళాలను మూసేస్తుంది. ఐరోపా నుంచి కలప పరిశ్రమ కోసం దిగుమతి చేసుకున్న ఎల్మ్ దుంగలతో అది వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో ఊళ్లకు ఊళ్లే బోడివయ్యాయి. వెంటనే నీడ కావాలి. నర్సరీల్లో చవకగా దొరకాలి. పొగ, దుమ్ము, గట్టిపడిన నేల, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, అన్నిటినీ తట్టుకోవాలి. తవ్వి తీసి మరోచోట నాటినా బతకాలి. ఈ పరీక్షలన్నిటిలోనూ నార్వే మేపుల్ నెగ్గింది. స్తంభంలా నిటారుగా పెరిగేది, బంతిలా గుండ్రంగా ఉండేది, ఆకు అంచు తెల్లనిది, ఇలా అంటుకట్టి పెంచిన సాగురకాలు ఎన్నో వచ్చాయి. వాటిలో బాగా పేరు పొందినది క్రిమ్సన్ కింగ్. దీని ఆకుల్లో పత్రహరితం లేకపోలేదు. ఆంథోసయనిన్ అనే వర్ణకం దాన్ని కప్పేయడం వల్ల వేసవంతా ముదురు ఊదారంగులో కనిపిస్తుంది. తోటలో ఒక్క చెట్టు ఉంటే అందమే. వీధి పొడవునా అదే అయితే పట్టపగలే మబ్బు పట్టినట్టుంటుందని నా అభిప్రాయం.

చెట్టు కింద ఏముంది

‘మర్రిచెట్టు నీడలో మొక్క ఎదగదు’ అంటాం మనం. నార్వే మేపుల్ కిందికి వెళ్లి చూస్తే ఆ మాట గుర్తొస్తుంది. ఇంటిముందు పచ్చిక పెంచుకునేవారి మొదటి ఫిర్యాదు ఇదే: ఎన్నిసార్లు గడ్డి విత్తనాలు చల్లినా చెట్టు కింద బోడినేలే. పైన కాంతి లేదు. కింద నేల పైపొరలోనే వల అల్లినట్టు సన్నని వేళ్లు దట్టంగా పరుచుకుని, పడిన నీటిని ముందే తాగేస్తాయి. గడ్డి కోసం నాలుగంగుళాల మట్టి తెచ్చి పోస్తే ఆ వేళ్లకు గాలి అందక చెట్టుకే ముప్పు. గడ్డి ఆశ వదిలి, చెక్కపొట్టు పలచగా పరచడం మేలు. ఆ పొట్టు మానుకు తగలకూడదు. మాను చుట్టూ పుట్టలా పోస్తే బెరడు తడిసి కుళ్లుతుంది.

కంటికి కనిపించని మరో సమస్య ఉంది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దిట్టంగా కనిపించే చెట్లు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఎండిపోవడానికి తరచు ఇదే కారణం. నర్సరీ కుండీలో పెరిగిన మొక్క వేళ్లు కుండీ గోడ తగిలి గుండ్రంగా తిరుగుతాయి. మొక్కను లోతుగా పాతినా వేళ్లు మాను చుట్టూ మళ్లుతాయి. మొదట్లో ఏమీ తెలియదు. మాను లావవుతుంది, దాన్ని చుట్టుకున్న వేరూ లావవుతుంది. ఒకనాటికి రెండూ ఒరుసుకుంటాయి. బెరడు కింద ఆకుల నుంచి ఆహారం తెచ్చే కణజాలం ఉంటుంది. చిన్నప్పుడు కట్టిన వెండి మొలతాడు పిల్లవాడు ఎదిగినా విప్పకపోతే ఎలా నొక్కుకుపోతుందో, వేరు ఆ కణజాలాన్ని అలా నొక్కుతుంది. ఆహారం కిందికి దిగదు, వేళ్లు పస్తుంటాయి, పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది. నార్వే మేపుల్‌కు ఈ అవలక్షణం మిగతా చెట్లకన్నా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పై వేళ్లలోకి ఒదుగుతుంది. ఒకవైపు అలా వెడల్పు కాకుండా కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిందంటే అక్కడ మట్టి తీసి చూడాలి. సన్నని వేరైతే కోసేయవచ్చు. లావు వేరు మానులోకి దిగబడి ఉంటే, చెట్ల వైద్యం తెలిసినవారిని పిలవకుండా గొడ్డలి పట్టకూడదు.

ఆకుల మీద తారు చుక్కల్లా నల్ల మచ్చలు వస్తాయి. చూడ్డానికి భయపెట్టే ఈ శిలీంధ్ర తెగులు చెట్టును చంపదు. రాలిన ఆకులు ఊడ్చి తీసేస్తే మరుసటి ఏడాది కొంత తగ్గుతుంది.

వీధి దాటిన విత్తనం

ఇంతవరకూ ఇంటిముందు బాధలు. అసలు చిక్కు అడవిలో వచ్చింది. రెక్కకాయలు గాలివాటున కంచెలు దాటి పక్కనున్న అడవుల్లో పడ్డాయి. చలికాలమంతా చల్లని తేమలో నానిన విత్తనం వసంతంలో మొలుస్తుంది. (హైదరాబాదులో మేపుల్ విత్తనాల పొట్లం కొని కుండీలో పాతినవారికి మొలక రాకపోవడంలో వింత లేదు. మూడు నాలుగు నెలల చలి తగలనిదే ఆ విత్తనం నిద్ర లేవదు. ఫ్రిజ్‌లో పెట్టి లేపినా, శీతకాలమే లేని చోట చెట్టుగా నిలవడం కష్టం.) మొలకెత్తిన పిల్లమొక్క నీడను ఓర్చుకుంటుంది. పెద్దచెట్ల కింద ఏళ్ల తరబడి సన్నగా కాచుకుని ఉండి, పైన కాస్త సందు దొరకగానే లేస్తుంది.

ఇప్పుడు శరదృతువు ఆలస్యాన్ని గుర్తుచేసుకోండి. నార్వే మేపుల్ ఆకులు చక్కెర మేపుల్ ఆకులకన్నా సుమారు 12 రోజులు ఎక్కువ కాలం పచ్చగా పనిచేస్తాయని అమెరికాలో జరిగిన పోలిక చూపింది. పన్నెండు రోజులు మనకు చిన్నమాటే. కానీ ఆ అడవుల నేలమీద పూసే చిన్న మొక్కల జీవితమంతా పెద్దచెట్లు ఆకు తొడిగే లోపల, వసంతారంభంలో దొరికే ఎండ మీదే ఆధారపడి ఉంటుంది. పైకప్పు చిక్కబడిన కొద్దీ, కాలం పెరిగిన కొద్దీ వాటి వాటా తరుగుతుంది. న్యూజెర్సీలో డ్రూ విశ్వవిద్యాలయం ఆవరణలోని అడవిలో చేసిన పరిశీలనల్లో నార్వే మేపుల్ కింద ఇతర జాతుల పిల్లమొక్కలు బాగా తగ్గిపోయి, దాని సొంత పిల్లలే దట్టంగా కనిపించాయి. మాంట్రియల్ నగరం మధ్యనున్న మౌంట్ రాయల్ కొండ అడవిలోనూ ఇదే సమస్య.

మంచి నీడచెట్టు అనిపించుకోవడానికి మనం మెచ్చిన గుణాలు ఏవో ఒకసారి చూడండి: చిక్కని నీడ, ఎక్కువ కాలం నిలిచే ఆకు, ఎలాంటి నేలలోనైనా బతికే మొండితనం, సులువుగా మొలిచే విత్తనం. అడవిలో హాని చేసినవీ అచ్చంగా అవే. చెట్టు మారలేదు, చోటు మారింది. మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో తెచ్చిన నిషిద్ధ మొక్కల జాబితాలో దీన్ని చేర్చి, 2009 నాటికి అమ్మకం పూర్తిగా ఆపించింది. న్యూహాంప్‌షైర్‌లో 2007 నుంచి నిషేధం ఉంది. మన దేశంలో కోనోకార్పస్ మీద జరిగిన చర్చ చూసినవారికి ఈ వరస కొత్తగా అనిపించదు. త్వరగా పచ్చదనం ఇస్తుందని ఊరూరా నాటిన ఆ చెట్టును గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది.

చెక్కపెట్టెలో వచ్చిన పురుగు

ఒకే రకం చెట్టు వీధంతా నాటడంలో ఉన్న ప్రమాదాన్ని ఎల్మ్ ఒకసారి చూపింది. ఆ ఖాళీలో మళ్లీ మేపుళ్లనే వరసగా నాటారు. 1996లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్ ప్రాంతంలో మేపుళ్ల మానుల మీద గుండ్రని రంధ్రాలు కనిపించాయి. చైనా, కొరియా ప్రాంతాలకు చెందిన, నల్లని ఒంటి మీద తెల్లని చుక్కలు, ఒంటికన్నా పొడవైన మీసాలు గల ఒక పెంకుపురుగు పని అది. దాని లార్వాలు మానులోపల దారువును తొలుచుకుంటూ పోతాయి. సోకిన చెట్టును కొట్టి, ముక్కలు చేసి నలగగొట్టడం తప్ప మార్గం లేదు. సరుకులు ప్యాక్ చేసే చెక్కపెట్టెలు, పలకలతో పాటు అది ఓడల్లో వచ్చింది.

2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణంలో ఒక నివాసి తన పెరట్లో ఈ పురుగును చూసి అధికారులకు చెప్పారు. అప్పటికే అది ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉంది. ఆ ఊళ్లో వీధిచెట్లలో అధికభాగం మేపుళ్లు, అందులోనూ నార్వే మేపుళ్లు. పురుగును అదుపు చేయడానికి 30,000కు పైగా చెట్లు కొట్టేయవలసి వచ్చింది. బర్న్‌కోట్, గ్రీన్‌డేల్ వంటి పేటల్లో చూస్తుండగానే వీధులకు వీధులు ఎండకు తెరుచుకున్నాయి. నీడ పోయిన ఆ పేటల్లో వేసవి వేడి ఎలా మారిందో అదే ఊళ్లోని క్లార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అధ్యయనం చేశారు. బ్రూక్లిన్, క్వీన్స్ ప్రాంతాల్లో మాత్రం పురుగును పూర్తిగా నిర్మూలించినట్టు 2019లో ప్రకటించారు. అంటే అక్కడ 23 ఏళ్లు పట్టింది.

దీని ఫలితం ఒకటి మన ఊళ్లోనూ కనిపిస్తుంది. 2002లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎగుమతి సరుకుల చెక్కపలకలను లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉండేలా వేడి చేయడం పురుగును చంపే పద్ధతుల్లో ఒకటి. అలా చేసిన చెక్క మీద గోధుమ కంకి గుర్తు, పక్కన హెచ్.టి. అనే అక్షరాలు కాల్చి ముద్రిస్తారు. విశాఖ ఓడరేవు దగ్గరో, పెద్ద గోదాము ముందో పడి ఉన్న చెక్కపలకలను ఈసారి పరీక్షగా చూడండి.

ఇక ఏం నాటాలి, ఉన్నదాన్ని ఏం చేయాలి

అమెరికా జాతీయ వృక్షోద్యానానికి చెందిన ఫ్రాంక్ శాంటమూర్ 1990లో ఒక కొలత సూచించాడు. ఊళ్లోని చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతం, ఏ ఒక్క ప్రజాతీ 20 శాతం, ఏ ఒక్క కుటుంబమూ 30 శాతం దాటకూడదు. ఇది ప్రకృతి నియమం కాదు, అనుభవంతో వేసిన అంచనా. నిజానికి ఆ పెంకుపురుగు పలు మేపుల్ జాతులను తింటుంది కనుక ప్రజాతి విషయంలో 20 శాతం కూడా ఎక్కువే అని నాకనిపిస్తుంది. నార్వే మేపుల్ తీసేసి ఎర్ర మేపుల్ వరసగా నాటితే అడవికి మేలు జరగవచ్చు గానీ, పురుగుకు భోజనం తప్పదు. ఓక్, హార్న్‌బీమ్, టులిప్ చెట్టు వంటి వేరు వేరు కుటుంబాల చెట్లు కలిపి నాటడం క్షేమం.

అలాగని ఇంటిముందు 50 ఏళ్లుగా ఉన్న చెట్టును రేపే కొట్టించనక్కరలేదు. నిషేధం అమ్మకం మీదే గానీ పాతచెట్టు మీద కాదు. అది ఈ వేసవిలో ఇచ్చే నీడను కొత్తగా నాటిన మొక్క ఇరవై ఏళ్లకు గానీ ఇవ్వలేదు. ఇల్లు అడవిని ఆనుకుని ఉంటే మాత్రం ఆలోచించాలి, అక్కడ ప్రతి ఏటా రాలే కాయలు నేరుగా అడవిలోకే పోతాయి. ఊరి నడుమ ఇల్లయితే, వసంతంలో పెరట్లో లేచిన పిల్లమొక్కలను నేల తడిగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకేయండి. ఎండిన కొమ్మలు ఉన్నాయేమో, మొదలు ఒకవైపు నొక్కుకుపోయిందేమో ఏడాదికోసారి చూసుకోండి. పాతచెట్టు బాగున్న రోజుల్లోనే దాని వేళ్ల వలకు దూరంగా, కాస్త ఎండ తగిలే చోట మరో చెట్టు నాటండి. నాటేటప్పుడు కుండీలో తిరిగిన వేళ్లను విడదీసి, మాను వేళ్లలోకి విచ్చుకునే భాగం నేలకు పైనే కనిపించేలా గొయ్యి లోతు చూసుకోవాలి. పాతది క్షీణించే నాటికి కొత్తది కనీసం ఒక కుర్చీకి సరిపడా నీడైనా ఇస్తుంది.